నాలుగో బుష్షు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ముసలి మోటారు కారుండేది. వేలూరులో ఎవరో దొర వాడి వాడి వదిలించుకున్న దాన్ని మా నాయన కొన్నాడు. అది ఎన్ని మైళ్ళు తిరిగిందో చెప్పే అంకెల డబ్బా మా ఇంటికి రాకముందే ఆగిపోయింది. మేము గుడియాత్తంలో లుంగీలు నేయించి అమ్మేవాళ్ళం. నాయన వారానికి రెండుసార్లు మూటలు వేసుకుని వేలూరు పోయి వచ్చేవాడు. ఆ గతుకుల రోడ్డు మీద తిరిగి తిరిగి కారు ముందు భాగం అరిగిపోయింది. కొంచెం వేగం పెంచితే చాలు, ముందు చక్రాలు రెండూ చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. నాయన రెండు చేతులతో బిగించి పట్టుకున్నా స్టీరింగు నిలిచేది కాదు.

ఆ ఏడు మా అమ్మ నిండు నెలల్లో ఉంది. నాకు ముందు ఒకరు, నా తర్వాత ఒకరు పురిట్లోనే పోయారు. ఈసారి కాన్పుకి వేలూరు ఆసుపత్రికి తెచ్చేయమని అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ కారులోనే తీసుకుపోవాలి. అందుకని నాయన కారును బాగు చేయించడానికి వేలూరు నుంచి ఒక మేస్త్రీని ఇంటికే పిలిపించాడు.

పొద్దున రైలు దిగి, భుజాన కాన్వాసు సంచితో వచ్చాడాయన. బక్కపలచని మనిషి, తల సగం నెరిసింది. మా మాదిరే తెలుగు మాట్లాడేవాడు. మా అవ్వ మొదట ఆయన మెడలో ఉన్న చిన్న సిలువను చూసింది, తర్వాత భుజాన ఉన్న సంచిని చూసింది. తాగడానికి నీళ్ళు అడిగితే గ్లాసులో ఇవ్వకుండా దోసిట్లో పోయించింది. ఆ తర్వాత నన్ను వంటింట్లోకి లాగి చెవిలో చెప్పింది. "అమ్మణ్ణీ, మోటారు పనోళ్ళకి పాత ఇత్తడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఏమేం ఊడదీస్తాడో అంతా తట్టలో ఏయించు. రెప్ప ఆర్పొద్దు."

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అవ్వ అప్పగించిన ఆ కాపలా నాకు భలే గర్వంగా అనిపించింది. పాత తట్ట ఒకటి తెచ్చుకుని ఆయన మోకాలి పక్కనే కూర్చున్నాను. ఆయన సుత్తి కోసం చెయ్యి చాపినా ఎందుకా అని అనుమానమే, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు తీసినా అందులో ఏం చుట్టాడా అని అనుమానమే. ఆయనకది తెలుసు. తెలిసీ విసుక్కోలేదు. ముందు చక్రాలను జాకీతో లేపి, ఇరుసు కింద రాతి దిమ్మలు పెట్టి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఒక చెయ్యి చక్రం పైన పెట్టు పాపా, ఇంకోటి కింద. పైన తొయ్యి, కింద లాగు."

చక్రం టక్కుమని ఆడింది. ఊడబోయే పన్నులాగా నా చేతికి ఆ కదలిక తెలిసింది. ఆయన చెప్పిన దాన్నిబట్టి, చక్రం అటూ ఇటూ తిరగడానికి నిలువుగా ఒక లావు ఇనుప చీల ఉంటుంది. ఆ చీల పైనొకటి కిందొకటి రెండు ఇత్తడి గొట్టాల్లో కూర్చుంటుంది. వాటినే బుష్షులంటారు. రెండు చక్రాలకీ కలిపి నాలుగు. అవి అరిగితే చక్రం వణుకుతుంది. మరీ అరిగితే చక్రం మన మాట వినదు.

కుడి చక్రం చీల చాలాసేపు కొడితే కానీ ఊడలేదు. రెండు బుష్షులూ బయటికొచ్చాయి, రెండూ ఒక పక్క కాగితమంత పలచబడ్డాయి. తట్టలో వేశాను. ఎడమ చక్రంలో పై బుష్షు వచ్చింది, అదీ వేశాను. కింద కన్నంలోంచి మాత్రం బుష్షు రాలేదు. గ్రీజులో నానిన నల్లటి పీలిక ఒకటి జారిపడింది. నేను దాన్ని కాలితో పక్కకు నెట్టబోయాను.

"దాన్నీ తట్టలో ఏయి. మోటారులోనించి వచ్చిందేదీ చెత్త కాదు."

ఆ పీలికను కిరసనాయిలులో కడిగితే తోలని తెలిసింది. మా ఊరి చుట్టూ తోలు పదునుపెట్టే చోట్లుండేవి కాబట్టి దాని వాసన నాకు బాగా తెలుసు. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తర్వాత నా వేలు పట్టుకుని పై కన్నంలో పెట్టాడు. బుష్షు ఇన్నాళ్ళూ కూర్చున్న చోటు కాబట్టి నున్నగా ఉంది. కింద కన్నంలో పెడితే గరుకు ఇనుము, చీల నేరుగా రాసుకుని పడిన గాడి. ఇత్తడి ఉండాల్సిన చోట తోలు చుట్టి కూర్చోబెట్టారని నాకే అర్థమైంది. పోయినేడు నాలుగు బుష్షులూ కొత్తవి వేయించానని చెప్పినవాడు మా మామ, అమ్మకు సొంత తమ్ముడు. ఆ మాట పొద్దున నాయన మేస్త్రీతో అంటుంటే నేను విన్నాను. మేస్త్రీ మాత్రం ఎవరు చేశారని అడగలేదు. కొత్త బుష్షులు తీసుకుని పనిలో పడ్డాడు.

సాయంత్రానికి పని అయింది. చక్రం పట్టుకుని ఊపితే కదల్లేదు. అవ్వ వచ్చి తట్టలో చెయ్యి పెట్టి లెక్క చూసింది. మూడే బుష్షులున్నాయి.

"నాలుగోది యాడప్పా?"

"మూడే ఉన్నాయమ్మా" అన్నాడాయన.

అంతలో మామ వచ్చాడు. "మూడెట్లయితాయి? నాలుగూ నేనే దగ్గరుండి ఏయించినా. సంచి తీయప్పా, చూస్తాం" అని అందరికన్నా గట్టిగా అరిచాడు. నాయన ఇబ్బందిగా తల దించుకున్నాడు కానీ వద్దనలేదు. అమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

మేస్త్రీ నా వైపు చూడలేదు. సంచి తీసి మా వాకిట్లో బోర్లించాడు. సుత్తులు, స్పానర్లు, ఆకులో కట్టుకున్న సగం తిన్న అన్నం, పిల్లల చొక్కా ఒకటి. మామ ఆ చొక్కాను కూడా దులిపి చూశాడు.

నాకు సంగతి తెలుసు. తోలు ముక్క తట్టలోనే, కిరసనాయిలు గుడ్డ కింద ఉంది. కానీ మామంటే నాకు ప్రాణం. తిరునాళ్ళకు నన్ను భుజాన ఎక్కించుకుని పోయేవాడు. నేను నోరు తెరిస్తే ఏమవుతుందో తొమ్మిదేళ్ళ నాకూ తెలుసు. మేస్త్రీ వంగి, మట్టంటిన అన్నం ఆకును మడుస్తున్నాడు. ఆ వీపును చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. చివరికి గుడ్డ తీసి, ఆ తోలు ముక్కను అవ్వ చేతిలో పెట్టాను.

"నాలుగో బుష్షు ఇదే అవ్వా. చక్రంలో ఇదే ఉండె."

నాయన ఆ తోలును చూసి, అమ్మ కడుపు వైపు చూసి, మామను చూశాడు. మామ ముఖం పాలిపోయింది. అప్పుడు మేస్త్రీయే కల్పించుకున్నాడు. "బుష్షు దొరకనప్పుడు ఎవుడో పనోడు అవసరానికి పెట్టింటాడు అయ్యా. నిలబడి చూసే వాళ్ళకి అది తెలియదు. ఇప్పుడు ఇత్తడి ఏసినా కదా, అమ్మను బయం లేకుండా తీసుకుపోండి." మామను కాపాడటానికి అన్నాడో, నిజంగానే అలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. మామ మాత్రం ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో తలెత్తి అన్నం తినలేదు. అవ్వ లోపలికి పోయి, ఈసారి గ్లాసులో మజ్జిగ తెచ్చి మేస్త్రీకి తన చేత్తో ఇచ్చింది. ఆయన తాగి గ్లాసు కడిగి పెట్టాడు. కడగొద్దని అవ్వ అనలేదు. అంతవరకే రాగలిగింది ఆమె.

రైలుకి పోయేముందు ఆయన వెంట వీధి మలుపు దాకా నడిచాను. పొద్దున్నే తెలుసు కదా, నువ్వే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను చెప్పింటే మీ అవ్వ నమ్మునా పాపా? దొంగతనం చేసి కత చెప్పతాండాడు అనును. నువ్వు చెప్పినావు కాబట్టి నమ్మింది."

కోపంగా అనలేదు. రేపు వాన వస్తుందని చెప్పినట్టు మామూలుగా అన్నాడు.

పన్నెండు రోజులకు అమ్మను అదే కారులో వేలూరు తీసుకుపోయారు. చక్రాలు వణకలేదు. తమ్ముడు పుట్టాడు, బతికాడు.

ఆ తర్వాత నా ఇంట్లోనూ ఎందరో పనివాళ్ళు వచ్చి పోయారు. వస్తువు కనబడకపోతే నాకూ అనుమానం వస్తుంది, రాదని అబద్ధం చెప్పను. కానీ అనుమానం ముందు ఎవరి మీదికి పోతోందో చూసుకుంటాను. మన మాటకు ఊరికే దొరికే నమ్మకం కొందరి మాటకు ఎంత ఒట్టేసినా దొరకదు. అలాంటివాళ్ళ తరఫున నిజం తెలిసినవాళ్ళు వెంటనే నోరు తెరవాలి. ఆ రోజు నేను తెరిచాను, నిజమే. కానీ ఆయన సంచి బోర్లించక ముందే తెరిచి ఉండాల్సింది.