దిబ్బ మీద మేకలు

“పాపకు కన్ను బాగుండాదా మే?”

“బాగుండాదిలేప్పా, నువ్వు పండుకో.”

మా ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలివే. ఆ మధ్యాహ్నం కునుకులోనే ఆయన వెళ్ళిపోయాడు.

ఆయనకు ఆ బెంగ ఎందుకంటే, మా మనవరాలికి బోర్డు మీద రాత కనపడటం లేదని, బడిలో కళ్ళ పరీక్ష పెడతారని టీచరమ్మ చెప్పి పంపింది. మా ఊళ్ళో బంగారు గని నడిచిన కాలంలో, మెడికల్‌లో చూపు తక్కువని తేలితే అన్‌ఫిట్. ఇంక లోపలికి దిగనివ్వరు. అందుకని మా గని కూలీల లైను ఇళ్ళలో మగవాళ్ళు, గోడకు తగిలించే ఆ ఇంగ్లీషు అక్షరాలను ఒకరి దగ్గర ఒకరు బట్టీపట్టి పోయేవాళ్ళు. గని మూతపడి ఏళ్ళయినా ఆ వరస ఆయన నోట్లోనే ఉండేది. దాన్నే పాపకు నేర్పించి పెట్టాడు, పిల్లను ఎవరూ అన్‌ఫిట్ అనకూడదని.

పరీక్ష రోజు దాని అమ్మానాన్నా బెంగళూరు రైలెక్కి పనికి పోయారు. నేనే వెంట వెళ్ళాను. పిల్లకు చూపు పోతే ఏం చేసేదిరా దేవుడా అని దారి పొడుగునా మొక్కుకుంటూనే పోయాను.

డాక్టరమ్మ అక్షరాలు చూపించే కర్ర ఎత్తకముందే పాప ఆ ఇంగ్లీషు వరస గడగడా అప్పజెప్పేసింది.

“నేనింకా చూపించనే లేదు కదే తల్లీ! గోడ మీద ఉండేవి కన్నడ అక్షరాలు. ఇవి ఎవరు నేర్పించినారు?”

“తాత.”

గదంతా నవ్వు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“అమ్మా, పిల్ల అన్‌ఫిట్టా? చూపు పోతాదా?”

“ఏమీ పోదవ్వా. అద్దాలు పెడితే సరిపోతాది. బయట చూడు, ఎంతమంది పెట్టుకోనుండారో.”

నిజమే. వరండాలో ఎటు చూసినా అద్దాల పిల్లలే. పదో తరగతి పిల్ల ఒకతె దగ్గరికొచ్చి, “నేనూ పెట్టుకోనుండా అవ్వా, కంటి లోపల. లెన్సు” అని కన్ను పెద్దది చేసి చూపించింది.

“అయ్యో, గుచ్చుకోదా మే?”

“మెత్తగా ఉంటాదవ్వా. నీకూ ఒకటి పెట్టేదా?”

బంగారుపేటలో అద్దాలు చేయించుకుని ఇంటికొచ్చాం. పాప వాకిట్లో నిలబడి, గనిలోంచి తీసి పోసిన మట్టిదిబ్బ వైపు చూసి కేక పెట్టింది.

“అవ్వా, దిబ్బ మీద మేకలుండాయి!”

ఆ మేకలు రోజూ అక్కడే తిరుగుతాయి. ఆయన పోయాక మొదటిసారి ఆ పూటే నేను కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు పాప పెరిగి పెద్దయింది, కంపెనీ బస్సెక్కి మా పక్క నరసాపురంలో ఫ్యాక్టరీ పనికి పోతుంది. నేను చెప్తుంటే రాస్తున్నదీ అదే.

ఏం పాపా, అంతా రాసినావా? లెన్సులు తీసేసినావు కదా, అద్దాలు పెట్టుకో. ఇంగ మొదటినుంచి చదివి వినిపించు. తాత అడిగిన మాట కాడ గట్టిగా చదువు.