రెండో రింగు దాకా ఆగలే

చాయ్ గ్లాసు నా చేతికి ఇయ్యకుండ్రి. గా బల్ల మీద పెట్టుండ్రి, నేనే తీసుకుంట. మొన్న శనివారం నుంచి ఈ చేతుల మీద నాకే నమ్మకం పోయింది. మా పద్మకైతే నాకన్న ముందే పోయింది. ఇంట్ల కూర గిన్నె కూడ ముట్టనిస్తలేదు. "నువ్వు కూసో, నేను తెస్త" అంటున్నది. మొగుడంటే మర్యాద అనుకునేరు, గదేం కాదు.

మీకు ఎరుకనే కదా, నేను పదకొండేండ్ల నుంచి సబ్‌స్టేషన్ల ఆపరేటర్‌ను. ఏ సబ్‌స్టేషనో చెప్ప, వనపర్తి నుంచి పాన్‌గల్ పోయే దిక్కు అనుకోండ్రి. టైముకు కరెంటు తీసుడు, టైముకు ఇచ్చుడు, లాగ్‌బుక్కుల రాసుడు. ఇన్నేండ్లల్ల ఒక్కసారి కూడ తప్పు పిడి తిప్పలే. లైన్ మీద మనిషి పని చేస్తుంటే, వాడు దిగొచ్చి నా ముంగట నిలబడి మాట్లాడేదాంక కరెంటు ఇయ్య. అసుంటోన్ని ఒక వీడియో గేమ్ ఆగం చేసింది.

గేమ్ మాది కాదు, మా బామ్మర్దిది. హైదరాబాద్‌ల మోజుపడి కొనుక్కున్నడు. ఎండాకాలంల తెచ్చి మా ఇంట్ల పడేసిండు. "బావా, నేను గ్రూప్స్‌కు చదవాలె. ఇది కండ్ల ముంగట ఉంటే నాకు ఏ నౌకరీ రాదు" అన్నడు. ఒక నల్ల డబ్బా, చేతుల పట్టుకునే రిమోట్లు రెండు. మా పాత టీవీకి వైర్లు గుచ్చి, ఎట్ల ఆడాల్నో గంటసేపు చూపిచ్చి పోయిండు.

అండ్ల రెండు గుడ్డ బొమ్మలుంటయి. ఒకటి నేను, ఒకటి పద్మ. ఎగరాలె, దుంకాలె, ఎక్కాలె. ఒక్కరితోని అయ్యే పని కాదు. ఒకరు పిడి గుంజితే తలుపు లేస్తది, ఇంకొకరు కిందికెళ్లి దూరాలె. ఒకరు ఊయల పట్టుకుంటే ఇంకొకరు దాని మీదికెళ్లి ఆవలికి పోవాలె. పెండ్లయి నాలుగేండ్లు. మేమిద్దరం గంటల కొద్ది ఒక్క దిక్కు చూసుకుంట కూసున్నది గప్పుడే. పద్మ తన బొమ్మకు గద్వాల చీర లెక్క పెద్ద అంచు పెట్టింది. నా బొమ్మకు కప్ప మొహం తొడిగింది. కప్ప ఎప్పుడు కింద పడ్డా పొట్ట పట్టుకోని నవ్వేది.

నా రోగం ఏందంటే, ఆటల పిడి కనపడితే చాలు గుంజుత. పద్మ ముందుగాలనే చెప్పేది. "నేను ఒకటి, రెండు అని లెక్కపెడుత. రెండు అన్నంకనే గుంజు." ఆమె "ఒకటి" అనంగనే నేను గుంజేటోన్ని. తలుపు లేసి, టైముకు ముందే పడి, గద్వాల చీర బొమ్మ కింద నలిగిపోయేది. మల్ల మొదటికెళ్లి మొదలు.

"సబ్‌స్టేషన్ల కూడ గిట్లనే చేస్తవా ఏంది?" అని అడిగింది ఒకనాడు.

"అక్కడ మనుషుల పానాలుంటయి. గిది గుడ్డ బొమ్మనే కదా."

"గా గుడ్డ బొమ్మ నేనే" అన్నది.

నేను నవ్విన. అప్పుడు నవ్వకపోయేది ఉండె.

ఆట మొత్తం అయిపోయినంక తెలిసింది, అసలు మజా వేరే ఉన్నదని. అండ్ల మనమే కట్టుకోవచ్చు. అట్ట, చెక్క, రాయి, స్పంజి, గుడ్డ, ఏది కావాల్నంటే అది కోసి అతికిచ్చి, మనం కట్టినదాంట్ల మనమే దుంకొచ్చు. నేను ఉత్సాహంగ మా సబ్‌స్టేషన్ కట్టిన. పద్మ చూసి, "పొద్దంత గదే, ఇంటికొచ్చినా గదేనా" అని తుడిచేసింది. తుడిచి, నీలం గుడ్డ పరిసింది.

"ఏందిది?" అన్న.

"కృష్ణ. బీచుపల్లి కడుతున్న, అవ్వ కోసం."

అవ్వ అంటే పద్మ నాయినమ్మ. మల్దకల్ దిక్కు ఊరు. చిన్నప్పుడు పద్మను సాదింది ఆమెనే. ఏటా శ్రావణంల ఒక శనివారం బీచుపల్లికి పోయేది. కృష్ణల మునిగి, మెట్లెక్కి ఆంజనేయస్వామిని చూసి వచ్చేది. పోయినేడు ఇంటెనక జారిపడితే తుంటి ఎముక ఇరిగింది. ఇప్పుడు గోడ పట్టుకోని నడుస్తది గని, మెట్లు ఎక్కొద్దని డాక్టర్ ఖచ్చితంగ చెప్పిండు. "ఇంగ ఆ మెట్లు నాతోని కాదు బిడ్డా" అని అవ్వ ఫోన్ల అన్ననాడు పద్మ అన్నం తినలే. మెట్లు ఎక్కనీకె రాకపోతేమాయె, టీవీలనన్న ఎక్కిస్త అని పట్టుబట్టింది.

ఇరవై దినాలు కట్టినం. మెట్లు నా వంతు. ఒక్కో రాయి కోసుడు, పెట్టుడు, బొమ్మతోని దుంకి చూసుడు. ఎత్తు జర ఎక్కువైతే "అవ్వ దుంకలేదు" అని పద్మ తీపిచ్చేది. అవ్వ బొమ్మకు తెల్ల దూది జుట్టు పెట్టినం. బ్రిడ్జి మీద గుండీల చక్రాలతోని బస్సు. పైన అట్ట గోపురం, గోపురం ముంగట గంట. గంట నేను చేసిన. ఇద్దరు చెరొక దిక్కు గుంజితేనే మోగుతది. అవ్వ ఒక దిక్కు, పద్మ ఒక దిక్కు గుంజాలె. అది మోగిననాడు పద్మ నా భుజం మీద చెయ్యేసి, "మంచిగ చేసినవ్" అన్నది. గా మాట నాకు ఇప్పటికీ చెవుల్ల ఉన్నది, అందుకే ఇంత బాధ.

మొన్న శనివారం అవ్వను మా మామ వనపర్తి దవాఖానకు తోలుకొచ్చిండు. చూపిచ్చినంక పది గంటలకు మా ఇంట్ల దింపుతడు, నాలుగు గంటలకు మల్ల గద్వాల బస్సు. అవ్వ బీచుపల్లి ఎక్కాల్నంటే గా ఒక్క పూటనే. మల్ల ఆరు నెలల దాంక రాదు.

నడుమ ఒక చిక్కు. మా ఊర్లె పన్నెండు నుంచి రెండింటి దాంక కరెంటు కోత. తీసేది నేనే, నాది పొద్దున డ్యూటీ. మీరు నవ్వుతరని తెలుసు, కరెంటోని ఇంట్ల ఇన్వర్టర్ లేదు. అందరు "నీకేంది, కరెంటు నీ చేతులనే ఉంటది" అంటరు. ఉంటది, తీసేటందుకు.

ఆ డబ్బాతోని ఇంకో బాధ ఉన్నది. కట్టింది సేవ్ చేసుకోవాలె. సేవ్ అయితుంటే ఒక నిమిషం పడుతది. గా నిమిషంల కరెంటు పోతే కొత్తగ కట్టింది కాదు, మొత్తానికి మొత్తం ఖరాబ్ అయితది. బామ్మర్ది పోయేటప్పుడు నాలుగుసార్లు చెప్పిండు. అందుకే పద్మ ఒక ఏర్పాటు చేసింది. సబ్‌స్టేషన్ లోపల సెల్లు సిగ్నల్ రాదు, ల్యాండ్‌లైన్ ఉన్నది. పద్మ దానికి ఒక మిస్డ్ కాల్ ఇస్తే సేవ్ మొదలైనట్టు. రెండో మిస్డ్ కాల్ వస్తే అయిపోయినట్టు. రెండు వచ్చినంకనే కరెంటు తీయాలె.

"ఒకటి సాలదా?" అన్న నేను.

"నీ సంగతి నాకు తెల్వదా? మొదటి రింగుకు నీ చెయ్యి లేస్తది. అందుకే రెండోది పెట్టిన" అన్నది.

ఇరవై దినాలు మంచిగ నడిచింది. ఒకటి, రెండు, తీసుడు. శనివారం కూడ పదకొండున్నరకు సేవ్ చేసి, అవ్వను ఎక్కిచ్చి, గంట మోగిచ్చి, పన్నెండుకు బంద్ చేద్దామని పద్మ లెక్క.

ఇంట్ల ఏమైందో తర్వాత పద్మ చెప్పింది. అవ్వ వచ్చి కాళ్లు చేతులు కడుక్కోని టీవీ ముంగట కూసున్నది. కృష్ణ చూసింది, బ్రిడ్జి చూసింది, మెట్లు చూసి రెండు చేతులు జోడిచ్చింది. పద్మ రిమోట్ చేతుల పెట్టి "ఎక్కవ్వా" అన్నది.

"కోతులేవి బిడ్డా?" అన్నది అవ్వ.

"ముందు ఎక్కు అవ్వా, కోతులు తర్వాత చేస్త."

"కోతులు లేకుంటే బీచుపల్లి ఎట్లయితది? ఎవరన్న నవ్వుతరు. నువ్వు చెయ్యి, నేను ఆగుత."

పద్మ కోతులు చేసింది. ఒకటి చేస్తే ఒకటే ఎందుకున్నదన్నది. ఐదు చేసింది. ఐదోది నేను చేస్తనని అవ్వ రిమోట్ గుంజుకోని తోకను నెత్తికి అతికిచ్చింది. అవ్వ చేసింది గనుక అట్లనే ఉంచినం అని చెప్పుకుంట పద్మ కండ్లు తుడుసుకున్నది. అంతట్ల పన్నెండు కావచ్చింది. ఇంగ సేవ్ చేసి, రెండింటికి కరెంటు రాంగనే ఎక్కిద్దామని అనుకున్నరు. రెండు నుంచి నాలుగు దాంక టైం ఉన్నది కదా.

ఇక్కడ సబ్‌స్టేషన్ల నేను గడియారం చూస్తున్న. పన్నెండు అయింది, రింగు లేదు. పై సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ ఊరి ఫీడర్ లైన్ తీసినవా?"

"తీస్తున్న సార్."

ఇంకో మూడు నిమిషాలు. మల్ల ఫోన్. "ఏందయ్యా, మీ ఊర్లె పెండ్లి నడుస్తుందా? లోడ్ పెరుగుతుంది, తియ్యి."

"అయిపోయింది సార్, తీస్తున్న."

గప్పుడే గేటు కాడ మా ఆఫీసర్ ఏఈ సార్ బండి ఆగింది. సార్ దిగుతున్నడు. నా చెయ్యి పిడి మీదనే ఉన్నది. ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. నా చెవుల పద్మ "ఒకటి" అన్నట్టే వినపడ్డది.

తిప్పేసిన.

లోపల బ్రేకర్ ధడ్ మన్నది. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. రోడ్డు మీద పచ్చ లైటు వస్తే జనం సంతోషంగ పోతరు. మా కాడ పచ్చ వచ్చిందంటే కరెంటు పోయినట్టు. గా పచ్చ లైటు చూసినంక నాకు "రెండు" యాదికొచ్చింది.

మల్ల వెనకకు తిప్పితే ఏం ఫాయిదా. డబ్బా బంద్ అయింది, పోయింది పోయింది. పదకొండేండ్లల్ల మొదటి తప్పు తిప్పుడు, అది కూడ సరిగ్గ డిపార్ట్‌మెంట్ చెప్పిన టైముకు. లాగ్‌బుక్కుల తప్పని రాసుకునేటందుకు కూడ లేదు.

ఫోన్ మోగింది. ఈసారి ఆగుతలేదు. ఏఈ సార్ లోపలికొచ్చి, "ఎత్తవయ్యా" అన్నడు. ఎత్తిన. పద్మ మెల్లగ అడిగింది.

"నేను ఎన్ని ఇచ్చిన?"

"ఒకటి."

పెట్టేసింది.

"ఎవరు?" అన్నడు సార్.

"కన్జ్యూమర్ సార్. కరెంటు గురించి."

"తిట్టిండ్రా?"

"లేదు సార్." తిట్టినా బాగుండు.

రెండింటికి కరెంటు ఇచ్చి, డ్యూటీ దిగి, ఇంటికి ఉరికిన. టీవీ నడుస్తున్నది. ఫైల్ ఖరాబ్ అయిందని ఇంగ్లీష్‌ల రెండు లైన్లు. కృష్ణ లేదు, మెట్లు లేవు, గంట లేదు, నెత్తి మీద తోక ఉన్న కోతి లేదు. బామ్మర్దికి ఫోన్ చేసిన. "కాపీ పెట్టుకోలేదా బావా?" అన్నడు. "కాపీ ఉంటదా?" అన్న. "రెండు బటన్లు నొక్కితే అయిపోతుండె" అన్నడు. నాలుగుసార్లు చెప్పినోడు ఇది ఒక్కసారి చెప్తే ఏం పోతుండె. నిజం చెప్తున్న, నాకు ఏడుపొచ్చింది.

"గుడి ఎప్పుడు తీస్తరు బిడ్డా?" అని అవ్వ అడిగింది.

"పోయిందవ్వా. సేవ్ అయితుంటే కరెంటు తీసిండ్రు" అన్నది పద్మ. ఎవరు తీసిండ్రో చెప్పలే.

అవ్వ మొదలుపెట్టింది. "ఎవడు వాడు? ముసలిదాని మొక్కు చెడగొట్టినోడు బాగుపడుతడా? వానికి తిన్నది అరగకపోను. వాడు ఎక్కిన బస్సు నడిమిట్ల ఆగిపోను. వాని చేతులు పడిపోను." నేను పళ్లెం ముంగట కూసోని తలకాయ ఊపుతున్న. ఊపకపోతే అనుమానం వస్తదని, "అవునవ్వా, అసుంటోన్ని ఊకెనే ఇడిసిపెట్టొద్దు" అని కూడ అన్న.

"చేతులను మాత్రం అనకవ్వా" అన్నది పద్మ. "మెట్లన్నీ మల్ల గా చేతులే కట్టాలె."

అవ్వ ఆగింది. పద్మ దిక్కు చూసింది, నా చేతుల దిక్కు చూసింది. మంచినీళ్లు అడిగింది.

ఇంకా గంటన్నర ఉన్నదని పద్మ గేమ్‌ల ముందుగాల నుంచి ఉన్న ఆటనే పెట్టింది. అవ్వకు ఒక రిమోట్, నాకు ఒకటి. తలుపు కాడ పిడి అవ్వ వంతు వచ్చింది. పద్మ "ఒకటి" అన్నది. అవ్వ కదలలే. "రెండు" అన్నది. అవ్వ తీరుబడిగ గుంజింది. నా కప్ప తలుపు కిందికెళ్లి సల్లగ ఆవలికి పోయింది. డెబ్బై ఐదేండ్ల మనిషి, తుంటి ఇరిగిన మనిషి, రిమోట్ పట్టిన మొదటి దినం. పద్మ నా దిక్కు చూడనన్న చూడలే, గదే ఎక్కువ గుచ్చుకున్నది.

నాలుగు కావస్తుంటే మామ వచ్చిండు. బస్సు కాడ అవ్వను మెల్లగ ఎక్కిచ్చి కిటికీ పక్కకు కూసోపెట్టినం. బీచుపల్లి బ్రిడ్జి కాడ కిటికీల నుంచే మొక్కుతనన్నది. నేను దిగబోతుంటే నా చెయ్యి పట్టుకున్నది.

"బిడ్డా, గా కరెంటు తీసినోడు నీకు ఎరుకైనోడేనా?"

"ఎరుకనే అవ్వా" అన్న.

"తిట్టకు వాన్ని. నేను తిట్టింది సాలు. రెండు అనేదాంక ఆగుమని మంచిగ చెప్పు."

"చెప్త అవ్వా" అన్న.

నాలుగు దినాలాయె, పొద్దుగాల, పొద్దుమూకి చెప్తనే ఉన్న వానికి. నిన్న మల్ల కృష్ణ పరిసినం. మొదటి మెట్టు రాయిని ఇద్దరం చెరొక దిక్కు పట్టుకోని దింపుతున్నం. పద్మ "ఒకటి" అన్నది. మెట్టు పోయి కృష్ణల పడ్డది.