నూనె పట్టిన తుపాకీ

నా చిన్నప్పుడు మా తాత మనిషి మీద చెయ్యి చేసుకోవడం ఒకే ఒక్కసారి చూశాను. దెబ్బ తిన్నది ఇద్దరు బిడ్డల తండ్రి, మా చిన్నాయన. అదీ చిన్నమ్మ ముందరే.

రామసముద్రం పక్కన మా చెనిక్కాయల చేను. కాయ గట్టిపడే వేళకు అడవిపందులు దిగేవి. వాటిని బెదరగొట్టడానికి తాత దగ్గర లైసెన్సున్న పాత తుపాకీ ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి కడ్డీతో దట్టించేది. ఆ పొద్దున దానికి తుప్పు కనిపిస్తే, తాత మెచ్చుకుంటాడని ఎవరికీ చెప్పకుండా నేనే చెనిక్కాయ నూనె పూశాను. నిప్పు లోపలికి పోయే సన్న బెజ్జంలో కూడా నాలుగు చుక్కలు వేశాను.

సాయంత్రం పందుల గుంపు చేలో పడింది. తాత మందు దట్టించి ఇస్తే చిన్నాయన గురిపెట్టి నొక్కాడు. బెజ్జం పైనున్న నిప్పు కేపు టప్పుమంది, అంతే. పందులు తలెత్తి కూడా చూడలేదు. చిన్నాయనకు ముక్కు మీదే కోపం. "దీనికన్నా కట్టె మేలు కదా నాయనా!" అని అరిచి, లోపలేముందో చూద్దామని గొట్టం మూతి మొహం వైపు తిప్పుకున్నాడు.

తాత చెంప పగలగొట్టాడు. తుపాకీ లాక్కుని గట్టు వైపు పెట్టి, "ఎవురూ కదలొద్దండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పందులు చేను తింటుంటే కొడుకును కొడతాడా అనుకున్నాను. మనసులో పది లెక్కపెట్టేలోగా తుపాకీ పేలింది. గట్టు మట్టి లేచి మా మీద పడింది. చిన్నమ్మ పరుగున వచ్చి చిన్నాయన మొహం తడిమింది.

మరునాడు తాత ఆ బెజ్జంలో సూది పెట్టి తీసి వాసన చూశాడు. తరువాత నన్ను చూశాడు. చిన్నాయన అడిగితే మాత్రం "మంచుకు మందు చెమ్మగిల్లిండాది" అన్నాడు. నన్ను విడిగా పిలిచి చేతికి పాతగుడ్డ ఇచ్చాడు. "నూనె పెట్టింది నువ్వు. సూడకుండా దట్టించింది నేను. తుడిసినాకే మందు పొయ్యల్ల. పేలలేదంటే సచ్చిపోయిందని కాదమ్మా, ఇంగా ఆలోచిస్తాండాదని."

చిన్నాయనకు ఆ నూనె సంగతి చివరిదాకా నేనూ చెప్పలేదు. నా మీద నాకు ఆ కోపం ఇంకా ఉంది.

మొన్న దీపావళికి మదనపల్లెలో మా మనవడు పేలని టపాకాయ మీదికి వంగి ఊదబోయాడు. జుట్టు పట్టి వెనక్కి లాగి వీపు విమానం మోత మోగించాను. తీరా ఆ పాడు టపాకాయ పేలనే లేదు. కోడలు మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే మానె. వాడు రెండు కళ్ళతోనూ నన్ను ఉరిమి చూస్తున్నాడు. నాకది చాలు.