పొడిగా ఉందని ఏరుకున్న పుట్టి

మా ఊరి చెరువును చెరువని పిలవడమే గానీ, నేను కాపురానికి వచ్చాక అందులో నీళ్ళు చూసింది తక్కువ. వాన మొహం చాటేసిన ఏడల్లా చెరువు లోపల కూడా గట్లు వేసుకుని ఉలవలో జొన్నలో చల్లేవాళ్ళు. పామిడి బస్సెక్కాలంటే ఆ చెరువుకు అడ్డంపడి నడిచిపోతే చాలు, రోడ్డు వచ్చేది.

అలాంటి చెరువు రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు కట్ట అంచుల దాకా నిండింది. ఊరు ఊరంతా కట్టెక్కి కొబ్బరికాయలు కొట్టింది. మరునాటికి గానీ ఎవరికీ తట్టలేదు, రోడ్డుకు దారి మునిగిపోయిందని. ఇక బస్సెక్కాలంటే చెరువు చుట్టూ కంపచెట్లలో పడి ఒక పూట నడవాలి.

ఆ వానకే మా మెట్టచేనులో వేరుశెనగ ఊడలతో సహా కుళ్ళింది. అంతకు ముందు రెండు పంటలు ఎండి పోయాయి, ఈ పంట తడిసి పోయింది. మాకు మిగిలిన దారి తాడిపత్రి బండల ఫ్యాక్టరీ ఒక్కటే. ఆ దారి ఎలాంటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా బావ, అంటే మా ఆయన అన్న, అక్కడ బండలు కోసే పనికి పోయి, రాతిదుమ్ము మింగి మింగి, దగ్గుతో తిరిగొచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుంటే గూడ ఎముకలు గోడను గీరేవి. అలా కూర్చునే పోయాడు. అప్పటినుంచి మా అత్త తాడిపత్రి పేరెత్తితే చేతిలో ఏముంటే అది విసిరేది. "నాకు మిగిలింది వీడొగడు. వీన్ని గూడ ఆ బండలకు ఇయ్యను," అనేది.

అందుకే మా ఆయనకు పుట్టి మీద మనసు పడింది. పుట్టి అంటే వెదురు బద్దలతో పెద్ద గంపలాగా గుండ్రంగా అల్లి, అడుగున పట్టా కప్పి, తారు పూసిన పడవ. పెన్న ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ దగ్గర ఉంటాయి. ఒక పుట్టి ఉంటే ఊరి జనాన్ని రోడ్డుకు దాటించి బతకొచ్చు, ఇల్లు విడిచి పోనక్కర్లేదు. కొత్తది అల్లించుకునే తాహతు లేదు. పాతదాన్ని కొనడానికి కాడెద్దులను అమ్మాం. ఎద్దులను తోలుకుపోతుంటే అత్త వాటి కాళ్ళకు నీళ్ళు పోసి, "పోండి నాయనా, మీకన్న వాడే ముఖ్యం నాకు," అంది.

పుట్టిని ఎంచేది ఎవరు? మా ఊళ్ళో ఎద్దును కొనాలంటే మా ఆయన మేనమామ లేకుండా ఎవరూ సంతకు కదలరు. పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. ఆయన వద్దన్న ఎద్దును ఎవరూ కొనరు. పుట్టికి కూడా ఆయన్నే పిలుచుకుపోయాం. నన్నెందుకు పంపారంటే, డబ్బు నా నడుముకు కట్టింది అత్త, మగవాళ్ళ చేతిలో ఉంటే సారాయి అంగడి దాటదని.

పెన్న ఒడ్డున పుట్లు అమ్మే మనిషి బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. అతని దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి నీళ్ళలో తాడుకు కట్టేసి ఉంది. నల్లగా, పాచిపట్టి, చేపల కంపు కొడుతోంది. రెండోది ఇసుక మీద బోర్లించి ఉంది. దాని మీద తారు అద్దంలా మెరుస్తోంది.

"ఏదప్పా అమ్మేది?" అన్నాడు మేనమామ.

"రెండూ అమ్మేవే. మీకు యాది కావాల్నో సూసుకోండి."

మేనమామ ముక్కు మూసుకుని నీళ్ళలో ఉన్నదాని చుట్టూ చూశాడు. అంచు పట్టి ఎత్తబోతే లేవలేదు. "ఇది నీళ్ళు తాగి తాగి బరువెక్కిపోయింది అల్లుడా. సగం కుళ్ళే ఉంటాది," అన్నాడు. తర్వాత ఇసుక మీద ఉన్నదాన్ని వేలి గణుపులతో కొట్టాడు. గలగలమంది. "విన్నావా? ఎండిన శెనక్కాయ మాదిరి మోగుతాండాది!"

మాకు అంతకంటే ఏం కావాలి? మేము బుద్ధెరిగినప్పటి నుంచి తడి అంటే భయపడిన వాళ్ళం. తడి తగిలితే కాయకు బూజు, విత్తనం మొలవదు, మేత నల్లబడుతుంది. కాయను చెవి దగ్గర ఆడించి, మోగితేనే మంచిదని మూట కట్టే మనుషులం. మా ఆయన ఆ పొడి పుట్టిని నిమిరి చూశాడు. ఒక్క చేత్తో లేపాడు, లేచింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"అన్నా, దీన్ని శానాళ్ళుగా నీళ్ళల్లోకి దింపలేదా?"

"లేదప్పా. పొడిగానే పెట్టినా."

"సూడు, ఎంత బద్రంగా పెట్టుకున్నాడో!" అన్నాడు మేనమామ. ఆ మనిషి మొహం ఏటి వైపు తిప్పుకున్నాడు. ఉమ్మేస్తున్నాడనుకున్నాను.

సంతలో ఎద్దుల బేరం నోటితో చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర తేలుస్తారు. మేనమామ అలవాటు కొద్దీ తువ్వాలు కప్పి అమ్మే మనిషి చెయ్యి పట్టుకున్నాడు. అతను ఉలిక్కిపడి, "ఏందప్పా, మొగోన్ని చెయ్యి పట్టుకుంటాండావు! మీ అమ్మాయి సూస్తాంటే!" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే బేరం కుదిరింది. నా నడుము ఖాళీ అయింది.

ట్రాక్టరు మీద తెస్తుంటే దారిలో ప్రతి ఊరివాళ్ళూ అడిగారు. "ఏమన్నా, ఈ గంప కింద ఎంత పెద్ద కోళ్ళు సాకుతాండారు?" మా ఆయన ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. "ఎక్కేటప్పుడు తెలుస్తాదిలే, టికెట్టు లేకుండా ఎక్కనియ్యను," అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ను మళ్ళీ చూడలేదు.

శుక్రవారం మంచిదన్నారు. అందాకా పుట్టిని ఇంటి ముందర ఎండలోనే ఉంచాం, తడి తగలకుండా రోజూ తుడిచి మరీ. ఆ లోపల మా ఆయన యూరియా సంచులు విప్పి కుట్టి, ఒక కర్రకు కట్టి తెరచాప చేశాడు. "ఈ సీమలో లేనిది నీళ్ళే గానీ గాలి కాదు మే. తూర్పార పట్టే గాలి పుట్టిని నూకలేదా?" అన్నాడు. కళ్ళం మీద గాలి ఎప్పుడు తిరుగుతుందో ఆయనకు ఒంటికి తెలిసేది. తెడ్డు మాత్రం ఎన్నడూ పట్టలేదు. ఈత రాదు. ఆయనకే కాదు, ఊళ్ళో ఎవరికీ రాదు. ఎక్కడ నేర్చుకుంటాం?

శుక్రవారం పొద్దున కట్ట మీద తిరునాళ్ళలా జనం. అత్త అందరికంటే ముందు పోయి పుట్టికి పసుపు పెట్టబోయింది. పక్కింటి ఆడవాళ్ళు ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగారు. "నువ్వు పక్కకుండు అక్కా. బొట్టు లేని చెయ్యి తొలి దినమే ఏంటికి?" అత్త పసుపు గిన్నె నా చేతికిచ్చి, పోయి తుమ్మచెట్టు కింద నిలబడింది. ముత్తైదువ తొలి అడుగు వేయాలని నన్ను ఎక్కించారు.

కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలని పెద్ద చర్చ జరిగింది. బండికైతే చక్రం ముందర రాయి పెట్టి కొడతాం. దీనికి చక్రం లేదు. మేనమామ కాయ తీసుకుని పుట్టి అంచుకే వేసి కొట్టాడు. ఠప్పుమని పగిలింది. జనం చప్పట్లు కొట్టారు. పగిలింది కాయ ఒక్కటే కాదని ఎవరికీ తెలియలేదు.

"రా మామా, ఎక్కు," అన్నాడు మా ఆయన.

"నాకు నీళ్ళ గండం ఉండాదిరా అల్లుడా. మీరు పోయి రాండి, రెండో తూరి ఎక్కుతా."

గాలి తెరచాపకు తగిలింది. పుట్టి కదిలింది. కదిలి, తిరిగింది. గుండ్రటి పుట్టికి ముందేది, వెనకేది? గాలి ఎటు కొడితే అటు బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. నాకు కట్ట కనిపిస్తుంది, కొండ కనిపిస్తుంది, మళ్ళీ కట్ట. కట్ట మీద నుంచి కేకలు.

"రేయ్, గానుగ తిప్పుతాండావా, పడవ నడుపుతాండావా?"

"నూనె వస్తే మాగ్గూడ పోయి!"

మా ఆయన తెరచాప కర్ర లాగేయడానికి లేచాడు. కాలు ఊతంగా అంచుకు ఆన్చాడు. కాయ కొట్టిన చోట అంచు విరిగింది. నేను పట్టుకోబోతే నా మడమ అడుగులోకి దిగబడిపోయింది. తారు కింద వెదురు లేదు. పిండి ఉంది. తెల్లటి పిండి నీళ్ళ మీద తేలింది, ఎవరో జొన్నపిండి గుమ్మరించినట్టు. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి, నడుముకు వచ్చాయి. కట్ట మీద నవ్వు ఆగిపోయింది. అంతమంది ఉండి ఒక్కరు కూడా నీళ్ళలో కాలు పెట్టలేదు. అత్త ఒక్కతే కొడుకును పిలుస్తూ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమెను కొంగు పట్టి ఆపేశారు.

నీళ్ళు మెడ దాకా వచ్చాక నా కాలికి నేల తగిలింది. ఎండిన ఏళ్ళలో చెరువు లోపల వేసుకున్న చేని గట్టు అది. దాని మీద నిలబడి మా ఆయన రెక్క పట్టి లాగాను. ఆయన కూడా నిలబడ్డాడు. నీళ్ళ నడుమ ఇద్దరం రెండు దిష్టిబొమ్మల్లా నిలబడ్డాం. మేము చావమని తెలియగానే కట్ట మీద మళ్ళీ నవ్వులు.

"అది నా చేనురా! గుత్త కట్టి దిగు!"

ఎవరి చేనో గుర్తుపట్టుకుంటూ, గట్ల మీద కాలితో తడుముకుంటూ ఒడ్డుకు వచ్చాం.

మరునాడు పెన్న ఒడ్డుకు పోయాం. మేము వద్దన్న తడి పుట్టి జనాన్నీ, మేకల్నీ ఎక్కించుకుని ఏరు దాటుతోంది. అమ్మిన మనిషి దాన్ని ఒడ్డుకు చేర్చి, అందర్నీ దింపేదాకా మా వైపు చూడలేదు.

"అన్నా, పురుగు తినిందని ఒక్క మాట సెప్పకూడదా?" అన్నాడు మా ఆయన.

"పొడిది కావాలని ఏరుకున్నది మీరు. నేను రెండూ సూపించినా."

"మాకు తెలీదు గదన్నా."

"నువ్వు ఎద్దునమ్మేటప్పుడు దానికి కాలు నొప్పని సెప్తావా? వెదురు నీళ్ళల్లో ఉన్నంత కాలం పురుగు ముట్టదు. ఒడ్డున పడేస్తే పిండే. నువ్వడిగింటే సెప్పుండేవాన్ని. నువ్వు అడిగింది పొడిగా ఉండాదా అని." తెడ్డు భుజాన వేసుకుని, పోతూ పోతూ అన్నాడు. "మీ మామకు ఆ పొద్దే రెండు జెల్లలిచ్చి పంపినా. ఆయన్నడుగు."

మేనమామను అడిగింది అత్త. ఆయన దాచలేదు. "సేపలిస్తే తీసుకున్నా. అయితే ఏమి? నేను ఎద్దులు సూసేటోన్ని అక్కా. నన్నెవురు పిలుచుకపొమ్మన్నారు పుట్టికి?"  పిలుచుకుపోయింది మేమే.

పుట్టి లేదు, ఎద్దులు లేవు. తాడిపత్రి బస్సుకు చెరువు చుట్టూ నడిచిపోవాలి కాబట్టి పెందలాడే బయలుదేరాం. గడపలో అత్త కుంకుమ భరిణె తీసి, మళ్ళీ మూసింది.

"పెద్దోడు పోయేటప్పుడు బొట్టు పెట్టి పంపినా. ఈ తూరి పెట్టను. పోండి."

ఫ్యాక్టరీలో మనుషులంతా బూడిద పూసుకున్నట్టు ఉన్నారు. కనురెప్పలు కూడా తెల్లగా. మేస్త్రీ మా ఆయన్ను పైనుంచి కిందికి చూసి, "ముందర ఏం పని చేస్తాంటివి?" అన్నాడు.

"సేద్యం," అన్నాను నేను.

మా ఊరి నుంచే వచ్చిన ఒకడు మిషను వెనక నుంచి అరిచాడు. "పుట్టి గూడ నడిపినాడు మేస్త్రీ! సెరువులో గిర్రున తిరిగి మునిగినాడు!"

మేస్త్రీకి ఆ కథ తెలిసే ఉంది. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. "అట్లయితే నిన్ను నీళ్ళు పోసే మిషను కాడ పెట్టనులేప్పా. ఆ మూల పొడి కోత కాడికి పో. ఆడ సుక్క నీళ్ళుండవు. మునిగే బయం లేదు."

అణిచే నీళ్ళు లేక ఆ మూలలో దుమ్ము తప్ప మనిషి కనిపించడం లేదు. మా బావ పని చేసింది అక్కడే. మిగతావాళ్ళందరూ నవ్వారు. మా ఆయన కూడా వాళ్ళతో పాటు కాస్త నవ్వి, నా చేతిలోని గుడ్డ తీసుకుని మూతికి కట్టుకుని లోపలికి పోయాడు.