బియ్యం డబ్బాలో కాసులపేరు

మా ముత్తాత పెంటపాడు దగ్గర ఒక ఊరికి మునసబు. మా తాత మాట మీద కొల్లేటి లంకల్లో తగవులు తీరేవి. నా వంతుకు తాడేపల్లిగూడెంలో పాత డాబా, బామ్మ కాసులపేరు మిగిలాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వరలక్ష్మీ వ్రతానికి నా భార్య ఆ పేరును కలశానికి అలంకరించింది. పూజయ్యాక బంగారం ఇంటి మగవాళ్ళే తీసి దాచాలని మా పట్టింపు. మర్నాడు కలశం మీది చీర, నగలు నేనే ఒక్కసారిగా ఎత్తి బీరువాలో పెట్టాను. సాయంత్రం చూస్తే పేరు లేదు.

నేను ఇల్లు వెతకలేదు. ఇరవై ఏళ్ళుగా మా గిన్నెలు తోముతున్న మనిషిని వీధి అరుగు మీదికి పిలిచి, పక్కింటివాళ్ళు చూస్తుండగా చెంగు ముడి విప్పమన్నాను. ఆమె విప్పింది. కాస్త చిల్లర, రెండు వక్కపలుకులు రాలాయి.

“వక్కలు కూడా మీవేనాండీ బాబుగారూ?” అంది. ఆ తరువాత పనికి రాలేదు.

కలశం కింది బియ్యాన్ని మళ్ళీ డబ్బాలో కలపడం మా ఆచారం. ఆ పళ్ళెం వంపిందీ నేనే. నాలుగో రోజున బియ్యం తీస్తూ నా భార్య పిలిచింది.

“ఏవండీ, పేరు ఇందులో ఉందండీ. మీరే పోసేశారు. వెళ్ళి ఆవిడతో చెప్పి రండి.”

ఆమె ఉండే సందు మొగ దాకా వెళ్ళాను. మునసబు మునిమనవడు పనిమనిషి గుమ్మంలో తల వంచుకుని నిలబడడమా అనిపించి వెనక్కి తిరిగాను. చెంగు విప్పించినందుకు ఎంత సిగ్గుపడుతున్నానో, అలా తిరిగి వచ్చినందుకు అంతకంటే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఏడాది తిరగకుండానే, ఇల్లు గడవక, కాసులపేరును ఏలూరులో అమ్మేశాం.