కడక్‌నాథ్ గుడ్ల ఖరీదు

ఈమధ్య మా ఇంట్లో ఏమైందో చెప్త, వినండి. పద్దెనిమిది వందలు పోసి ఆన్‌లైన్‌లో డజను గుడ్లు తెప్పించిన. ఒక్క పిల్ల లేవలేదు. అది పోనీ. ఇన్నేళ్ళుగా నేను ఏ మూఢనమ్మకం మీద వ్యాసాలు రాస్తున్ననో, దానికి తిరుగులేని సాక్ష్యాన్ని నా సొంత ఖర్చుతో, కొరియర్ చార్జీలు కూడా కట్టి, ఇంటికి తెప్పించుకున్న!

అసలు తప్పు నా వ్యాసానిదే. పెరటికోళ్ళు పెంచితే ఆడవాళ్ళకు సొంత సంపాదన ఎట్లా వస్తుందో ఒక పత్రికకు రాసిన. మా ఆయన శ్రీధర్ చదివిండు. అంటే, హెడ్డింగ్ చదివిండు.

"మన పెరట్ల ఉన్న కోడి అమ్మది గదా. నీ కోడేది?" అన్నడు.

రోషం వచ్చింది. నాకు రోషం వస్తే ఫోన్ తీస్త. అందులో నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన, చంకలో కాటుక లాంటి కోడిపుంజును ఇరికించుకుని వీడియోలో మాట్లాడుతున్నడు. ఈకలు నలుపు, చర్మం నలుపు, మాంసం కూడా నలుపే. కడక్‌నాథ్, ఒరిజినల్ బ్రీడ్! తింటే మగతనం పెరుగుతుందట. ఈ దేశంలో మగతనం ఇంకా పెరగాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు గానీ, కొనేవాళ్ళు ఉంటారన్నది మాత్రం అర్థమైంది. పొదిగించే గుడ్డు ఒక్కోటి తొంభై రూపాయలు. ఇంత ఖరీదంటే అసలుదే అయి ఉంటుంది అనుకున్న. చీరల షాపులో ఇంకొకామె ఇట్లా అనుకుంటే మొదట వెక్కిరించేది నేనే.

గుడ్ల ధర ఒక్కటే అయితే బాగుండు. ఫోమ్ డబ్బాకు వేరే, ప్యాకింగ్‌కు వేరే, కొరియర్‌కు వేరే. ఆఖరికి 'లైవ్ హ్యాండ్లింగ్' అని ఒకటి. ఇంకా ప్రాణమే పోసుకోని వాటికి లైవ్ ఏందో! అదీ కట్టిన. ఆ పైసలతో జోగిపేట సంతలో బతికున్న కోళ్ళే వచ్చేవి, కూతలతో సహా.

పార్సిల్ పటాన్‌చెరు దాకా జల్దీనే వచ్చింది. అక్కడ ఆగింది. మండే ఎండలో, రేకుల గోడౌన్‌లో, రోజుల తరబడి. సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లి మాది, బస్సెక్కితే గంట దూరం. ఫోన్ చేస్తే, "మేడమ్, సిస్టమ్ మే ఔట్ ఫర్ డెలివరీ దిఖా రహా హై" అని ఒక పిల్లగాడు. సిస్టమ్‌లో కనిపిస్తున్నది, నాకు కనిపించొద్దా బాబూ! చివరికి ఒక పొద్దున 'మేడమ్ పార్సిల్' అన్న కేక, దాని వెనకే గేటు మీది నుంచి ఎగిరొచ్చిన డబ్బా. మూడు వైపులా 'ఫ్రాజైల్' అని రాసి ఉంది. నాలుగో వైపు మీద పడింది. విచిత్రం, ఒక్కటి కూడా పగల్లేదు! అంత సంబురపడ్డ.

మా అత్తమ్మ నాటుకోడి అప్పటికే పొదుగు మీద ఉంది. గంపలో ఊక పోసి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క వేసి అంతా సిద్ధం చేసింది అత్తమ్మ. నేను గుడ్డు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నువ్వు బయటున్నవ్ గద? నువ్వు ముట్టకు, నేను పెడ్త."

బయట అంటే పెరట్లో అని కాదు. నెలసరిలో ఉన్న అని.

"ముడితే ఏమైతది అత్తమ్మా?"

"మురుగుతయ్. ఒక్కటి లేవది."

"మరి ఆ కోడి ఆడదే గదా. దాని మైల ఎప్పుడన్న అడిగినవా?"

"కోడితోని నీకు పోటీ ఏందే?"

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలె. పెళ్ళయిన కొత్తలో ఆ రోజుల్లో నన్ను వంటింట్లోకి రానియ్యలేదు. కొట్లాడిన, అలిగిన, ఉపన్యాసాలిచ్చిన. ఆఖరికి గడప దాటిన. పచ్చడి జాడీ, దేవుని అర్ర మాత్రం ఇప్పటికీ అత్తమ్మ ఆధీనంలోనే ఉన్నయి. ఇయ్యాల వాటిని కూడా గెలుస్త అనుకున్న.

"పందెం అత్తమ్మా! అన్ని గుడ్లు నా చేతితోనే పెడ్త. పిల్లలు లేస్తే ఈ ఇంట్ల ఇగ బయట, లోపల అన్న ముచ్చటే ఎత్తొద్దు."

"లేవకపోతే?"

"నువ్వు చెప్పినట్టే. ఆ రోజుల్ల వంటింటి గడప తొక్క."

ఎవడో కళ్ళద్దాలాయన అమ్మిన గుడ్ల మీద, గెలుచుకున్న వంటిల్లును పందెం కాసిన మొదటి స్త్రీవాదిని బహుశా నేనే. మా ఆయనను మధ్యవర్తిగా ఉండమంటే ఫోన్‌లోంచి తలెత్తలేదు. "మీ ఆడోళ్ళ ముచ్చట్లల్ల నన్ను గుంజకుండ్రి" అన్నడు.

ఒక్కో గుడ్డును చెంపకు ఆనించుకుని మరీ పెట్టిన. కోడి పాపం మూడు వారాలు బుద్ధిగా కూర్చుంది. పిల్లలు లేవాల్సిన పొద్దున మా మహిళా సంఘం గ్రూపులో వీడియో కాల్ పెట్టిన. శాస్త్రీయ దృక్పథం పెంకు పగలగొట్టుకుని బయటికి వస్తుంటే ప్రత్యక్షంగా చూపించొద్దా మరి! చప్పుడు లేదు. లోపల కిచకిచ వినిపిస్తుందేమోనని ఒక గుడ్డు తీసి చెవికి ఆనించిన.

ఠప్!

చెవి, జుట్టు, జాకెట్టు, అన్నీ! ఆ వాసన ఎట్లా చెప్పాలె? మా ఆయన కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తడు, రోజంతా కెమికల్స్ మధ్యనే. అంత అలవాటున్న మనిషి ముక్కు మూసుకుని వీధిలోకి ఉరికిండు. ఫోన్‌లోంచి సంఘం మిత్రురాలు అమాయకంగా అడుగుతున్నది, "అక్కా, లేచిందా?"

అత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నా నెత్తి మీద పోసింది. అంతే.

స్నానం చేసి, అమ్మినాయనకు ఫోన్ కొట్టిన. అత్తమ్మ కూడా వినాలని స్పీకర్ పెట్టిన. గుడ్లు గోడౌన్‌లోనే ఉడికినయ్ అని ఆయన నోటితోనే అనిపిస్తే పందెం రద్దు చేయించొచ్చని నా ఆశ.

"మేడమ్, మాది ప్యూర్ లైన్. హ్యాచింగ్ గ్యారంటీ లేదని ముందే చెప్పినం. మీ దిక్కే ఏదో మిస్టేక్ అయింది" అన్నడు. గొంతు తగ్గించి, "ఏమనుకోకుండ్రి మేడమ్. ఇంట్ల లేడీస్ ఎవరన్న... ఆ డేట్స్‌ల... గుడ్లు ముట్టిండ్రా?"

అత్తమ్మ చప్పట్లు కొట్టింది. "సూసినవా! పైసలు గుంజినోనికి గూడ ఎర్కనే!"

యాప్ పెట్టి, క్యూఆర్ కోడ్ పెట్టి, ఫోన్‌లోనే డబ్బు తీసుకునే మనిషి! మా అత్తమ్మ అదే మాట పైసా తీసుకోకుండా చెప్పింది.

మాట మాటే గనక, మళ్ళీ ఆ రోజులు రాగానే నా గదిలో మంచం ఎక్కిన. అత్తమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. మిగిలింది ఎవరు? ఆడోళ్ళ ముచ్చట్లల్ల దూరని మగాయన.

పొద్దున షిఫ్టు, చీకటుండగానే కంపెనీ బస్సు. అత్తమ్మకు జొన్నరొట్టె లేనిదే ముద్ద దిగదు. వంటింట్లోంచి కేక: "జీలకర్ర ఏ డబ్బాల ఉన్నదే?"

"నేను చెప్తే మాటకు గూడ మైల అంటుకుంటదేమో. మీ అమ్మనడుగు!"

మొదటి రోజు రొట్టె రెండు ముక్కలైంది. రెండో రోజు పెనానికి అతుక్కుంది, బస్సు పోయింది. నాకు మాత్రం టీ మంచం దగ్గరికే వచ్చింది. ఎన్నేళ్ళ తర్వాతనో ఒక నవల ఏకబిగిన చదివిన.

మూడో రోజు పొద్దున మోచేతుల దాకా పిండితో మా ఆయన వాళ్ళమ్మ ముందు నిలబడ్డడు.

"అమ్మా, గిదంత ఉత్త మూఢనమ్మకం! మా కంపెనీల ఎంతమంది లేడీస్ గోలీలు ప్యాక్ చేస్తరు. నెలల ఆ రోజులు వాళ్ళకు రావా? వాళ్ళు ముడితే గోలీలు ఖరాబైతున్నయా? నువ్వు రోజు మింగే బీపీ గోలి గూడ వాళ్ళు ముట్టిందే!"

అత్తమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "గట్లనా బిడ్డా? నువ్వు చెప్తున్నవంటే నిజమే ఉంటది తియ్యి."

అయిపోయింది! నేను ఇన్నేళ్ళు అరిచి, రాసి, గుడ్డు కొట్టించుకున్నా కదలని ఆచారం, కొడుకు రెండు రొట్టెలు చెడగొట్టుకునేసరికి ఒక్క నిమిషంలో రద్దయింది. బీపీ గోలి సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ మంటగానే ఉంది.

"లేవే," అత్తమ్మ గది గుమ్మం దాకా వచ్చి పిలిచింది. "ఇగ బయట లేదు, లోపల లేదు. పచ్చడి జాడీ గూడ నువ్వే తీస్కో. వచ్చి రొట్టెలు చెయ్యి."

నవలలో ఇంకా వంద పేజీలు మిగిలున్నయి. నేను దుప్పటి మీదికి లాక్కున్న.

"తరతరాల ఆచారం అత్తమ్మా, గట్ల ఒక్కపారే వదిలిపెడితే మంచిదా? వచ్చే నెల నుంచి చూద్దాం తియ్యి."