లెక్కలోకి రాని అడుగు

బాబాయి లెక్కలోకి రాని అడుగు వేసేవాడు కాదు. ఆయన గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి అదే. ఊళ్లో చాలామందికి తెలిసిన ఒకే ఒక్క సంగతి కూడా అదే. ఎడమ మణికట్టుకి నల్లటి బ్యాండ్ ఒకటి కట్టుకునేవాడు. ఎన్ని అడుగులు వేశాడో అది లెక్కపెట్టేది. పదివేలు నిండగానే జుయ్యిమని వణికేది. ఆ క్షణంలో ఎక్కడున్నా, ఎవరితో మాట్లాడుతున్నా ఆయన ఆగిపోయి కళ్లు మూసుకునేవాడు. ముఖంలో ఒక వెలుగు. ఎదుటివాళ్లు కూడా ఏదో గొప్ప విషయం జరిగిందనుకుని మర్యాదగా మాట ఆపేసేవాళ్లు.

అన్న కూతురు ఒక్కతే నవ్వేది. పటాలు గీసే ఆఫీసులో, కంప్యూటర్ ముందు రోజంతా కదలకుండా కూర్చునే ఉద్యోగం ఆమెది. అందుకని బాబాయి ఆమెకి కుర్చీ అని పేరు పెట్టాడు. "ఏమే కుర్చీ, ఇవాళ ఎన్ని?" అన్నదే ఆయన పలకరింపు. ఆ పేరు అందరి నోళ్లలో నాని అసలు పేరు మూలపడింది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

బాబాయిది కళ్లజోళ్ల దుకాణం. చూపు పరీక్షకి ఒక పొడుగాటి గది. ఈ చివర కుర్చీ, ఆ చివర గోడకి అక్షరాల బోర్డు. మిగతా దుకాణాలవాళ్లు కూర్చున్నచోటి నుంచే మీట నొక్కి అక్షరం మారుస్తారు. బాబాయి ఒక్కో అక్షరానికీ బోర్డు దాకా నడిచి, వేలు పెట్టి చూపించి, వెనక్కి వచ్చి అద్దం మార్చి, మళ్లీ వెళ్లేవాడు. రానూపోనూ పద్దెనిమిది అడుగులు. చూపు బాగున్నవాళ్లు వస్తే ఆయనకి దిగులు. సోడాబుడ్డి అద్దాలవాళ్లు వస్తే ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేవాడు. ఒకసారి ఒక పెద్దావిడని ఏం కనిపిస్తోందమ్మా అని అడిగితే, మీరే కనిపిస్తున్నారు నాయనా, కాసేపు పక్కకి తప్పుకుంటే అక్షరాలు కూడా చూస్తాను అందట.

దుకాణంలో ఫ్రేములు ఒక మూల, వాటి మరలు ఇంకో మూల, మరలు బిగించే పనిముట్టు మేడమీద. ఇలా ఎవరు సర్దారని కుర్చీ ఒకసారి అడిగింది. చాలా ఆలోచించి సర్దానన్నాడు.

బ్యాండ్ చార్జింగ్‌లో ఉన్న గంటసేపు మాత్రం ఆయన వేరే మనిషి. లెక్కకి రాని అడుగు పారబోసిన నీళ్లతో సమానమని ఆయన సిద్ధాంతం. కాబట్టి ఆ గంటా పడక్కుర్చీలో విగ్రహంలా కూర్చునేవాడు. తలుపు కొట్టినా లేవడు, ఫోన్ మోగినా లేవడు. ఒకసారి వంటింట్లో పాలు పొంగుతుంటే కూర్చున్నచోటి నుంచే, పొంగుతున్నాయి, ఇంకా పొంగుతున్నాయి, అయిపోయాయి అని వార్తలు చదివాడు. పిన్ని ఆ గంట కోసం రోజంతా కాచుకునేది. చిక్కుడుకాయల ఈనెలు తీయించడం, ఉతికిన బట్టలు మడతపెట్టించడం, పొద్దుటి నుంచి దాచుకున్న ఫిర్యాదులు వినిపించడం, అన్నీ అప్పుడే. పెళ్లయిన ఇన్నేళ్లకి మీ బాబాయి నాకు దొరికేది ఆ ఒక్క గంటే అని కుర్చీతో అంటుండేది.

ఇక సంతాప సభ సంగతి. కళ్లజోళ్ల వ్యాపారుల సంఘం పాత అధ్యక్షుడు పోతే రెండు నిమిషాలు మౌనం పాటించారు. బాబాయి మొదటి వరసలో ఉన్నాడు. ఊరికే నిలబడడం ఇష్టంలేక, తల వంచుకునే ఉన్నచోట అడుగులు వెయ్యడం మొదలెట్టాడు. వెనకవాళ్లు ఇది కొత్త పద్ధతి కాబోలనుకున్నారు. రెండో వరస అందుకుంది, తర్వాత మూడోది. చివరికి నూటయాభైమంది తలలు వంచుకుని కవాతు చేశారు. పోయినాయన భార్య కళ్లు తుడుచుకుంటూ, ఇంత ఘనంగా ఎవరికీ జరగలేదంది.

ఫోన్‌లో నడకవాళ్ల బృందం ఒకటి ఉండేది. పన్నెండుమంది. రోజు పూర్తయ్యేసరికి ఎవరెన్ని అడుగులు వేశారో అందులో వరసగా కనిపిస్తుంది. అందరికన్నా ఎక్కువ నడిచినవాళ్ల పేరు పక్కన చిన్న కిరీటం బొమ్మ. పద్నాలుగు నెలలుగా ఆ కిరీటం బాబాయిదే. రెండో స్థానంలో ఉన్న పళ్ల డాక్టరు దాని కోసం చెయ్యని ప్రయత్నం లేదు. ఒక పన్ను పీకి, చెయ్యి కడుక్కోవడానికి వీధి చివరి కుళాయి దాకా వెళ్లొచ్చేవాడని చెప్పుకునేవారు.

అలాంటి రోజుల్లో కుర్చీ వాళ్లమ్మ మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. వాళ్ల ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని ఆస్పత్రి నుంచి నేరుగా బాబాయి ఇంటి ముందుగదిలోకి తీసుకొచ్చారు. ఎముకల డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఎముక అతుకుతుంది, కానీ ఈ ఆరువారాల్లో రోజూ లేచి నడవకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మూడో అంతస్తు మాట మర్చిపోండి, ఇల్లు మార్చేసుకోండి అన్నాడు. ఆ ఇంటి కిటికీలోంచి అమ్మ ఇరవై ఆరేళ్లుగా వీధిని చూస్తోంది. భర్తతో కాపురం చేసింది అక్కడే, ఆయన పోయాక ఒంటరిగా కూతుర్ని పెంచుకున్నదీ అక్కడే.

అయినా అమ్మ లేవదు. భయం. రేపు చూద్దాంలే అంటుంది. నడిపించడానికి వచ్చే ఫిజియో ఆవిడని చూసి, పాపం ఎన్ని ఇళ్లు తిరిగొచ్చావో, ముందు కూర్చోమ్మా అనేది. ఆవిడ కూర్చునేది, అమ్మ ఆవిడ కష్టసుఖాలన్నీ విని ఓదార్చి పంపేది. పదకొండు రోజుల్లో ఫిజియో ఆవిడ బాగా తేరుకుంది. అమ్మ మంచం దిగలేదు. కుర్చీ బతిమాలింది, కోప్పడింది, స్నానాలగదిలోకి వెళ్లి ఏడ్చింది.

పన్నెండో రోజు పొద్దున్న బాబాయి కుంటుకుంటూ వచ్చాడు. చీలమండకి ఇంత లావు కట్టు. కాలు బెణికిందట, అడుగు వెయ్యకూడదన్నారట. మంచం పక్కన కూలబడి బ్యాండ్ విప్పి అమ్మ చేతిలో పెట్టాడు.

"వదినా, నా పరువు నీ చేతుల్లో ఉంది."

పద్నాలుగు నెలల కిరీటం పోతోందని, ఆ పళ్ల డాక్టరు ముందు తలెత్తుకోలేనని, నడిచేది ఎవరో బ్యాండ్‌కి తెలియదు కాబట్టి నా బదులు నాలుగడుగులు నువ్వెయ్యి వదినా అని మొదలెట్టాడు.

కుర్చీకి ఒళ్లు మండిపోయింది. ఆయన్ని వరండాలోకి లాక్కెళ్లి, మా అమ్మ లేవలేక పడుంటే నీకు కిరీటం కావలసివచ్చిందా అని కడిగేసింది. బాబాయి తల వంచుకుని విన్నాడు. విని, కుంటుకుంటూ మళ్లీ లోపలికే వెళ్లాడు. వెళ్లేసరికి అమ్మ బ్యాండ్ పెట్టుకుని, నడిచేందుకు ఇచ్చిన నాలుగుకాళ్ల స్టాండు పట్టుకుని నిలబడి ఉంది.

"పాపం, పళ్లూడగొట్టేవాడి చేతిలో ఓడిపోతాడే పిచ్చోడు" అంది కూతురితో.

ఆరోజు ముప్పై ఒక్క అడుగులు.

మర్నాడు నిద్రలేస్తూనే అమ్మ అడిగిన మొదటి మాట, పళ్ల డాక్టరు ఎన్ని వేశాడని. డెబ్బై అన్నాడు బాబాయి. అమ్మ డెబ్బై ఐదు వేసింది. ఆ మర్నాడు డాక్టరు నూట పది వేశాడట. అమ్మకి పంతం వచ్చింది. వరండా చివరి దాకా వెళ్లి వచ్చి, వాడికి ఇంత ఆశ పనికిరాదంది. మూడోవారానికి, అమ్మ ఎన్ని నడిస్తే పళ్ల డాక్టరు దానికన్నా నలభై ఎక్కువ నడుస్తున్నాడు. అమ్మ ఆయన్ని చూడకుండానే అసహ్యించుకోవడం మొదలెట్టింది.

తల్లి నడుస్తోందని కుర్చీకి సంతోషమే. బాబాయి మీద కోపం మాత్రం పోలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసు పనిమీద బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూసింది. కూరగాయల సంతలోంచి బాబాయి దూసుకుపోతున్నాడు. రెండు కాళ్లూ సుబ్బరంగా ఉన్నాయి. చేతికి బ్యాండ్ లేదు. కట్టు గుడ్డ చుట్టచుట్టి జేబులోంచి తొంగిచూస్తోంది. ఆమె బస్సు దిగి, పరిగెత్తి, రొప్పుతూ పట్టుకుంది.

"ఇదేంటి బాబాయ్?"

"నడుస్తున్నా. నువ్వు పరిగెత్తావే! ఎన్నాళ్లయిందే నిన్నిలా చూసి."

"కాలు?"

"బానే ఉంది."

ఖాళీ మణికట్టుని రుద్దుకున్నాడు. అక్కడ చర్మం తెల్లగా చారకట్టి ఉంది.

"మీ అమ్మ తనకోసం లేచి గ్లాసెడు మంచినీళ్లు తెచ్చుకోవడం ఎప్పుడైనా చూశావా? పక్కింటావిడ గొడుగు మర్చిపోతే ఇవ్వడానికి మూడంతస్తులు దిగి వానలో వెళ్లింది. ఆవిడ గొడుగు తడుస్తుందని విప్పకుండా చంకలో పెట్టుకుని మరీ వెళ్లింది. మీ అమ్మ కాళ్లు తనకోసం కదలవే. ఎవడో ఒకడు చిక్కుల్లో పడాలి. నేను పడ్డాను."

పాలు పొంగిపోతున్నా లేవని మనిషి, రోజుకి ఇరవైవేల అడుగులు ఎవరికీ తెలియకుండా, ఏ లెక్కలోనూ లేకుండా నడిచేస్తున్నాడు. ఆ రోజు కుర్చీ ఆయనతో కలిసి ఇంటిదాకా నడిచింది. వీధి మలుపులో ఒక అరుగు మీద కూర్చుని ఆయన కట్టు కట్టుకుంటుంటే గుడ్డ కొస తనే ముడేసింది.

ఐదోవారంలో అనుకోని గండం వచ్చిపడింది. పళ్ల డాక్టరు స్వయంగా ఇంటికి వచ్చాడు. రోజూ ఇరవైవేలు వేసే మనిషి పేరు పక్కన మూడు నాలుగు వందలు కనిపిస్తుంటే కిరీటం వచ్చిన సంతోషం కూడా లేక, ఏమైపోయాడోనని భయపడి వచ్చాడు. బాబాయి స్టూలు మీద కాలు పెట్టుకుని ఉన్నాడు. పళ్ల డాక్టరు వచ్చాడని వినగానే, ఎవరూ నోరెత్తకముందే అమ్మ స్టాండు పట్టుకుని ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"పళ్ల డాక్టరు మీరేనా? నిన్న ఎన్ని వేశారు?"

నిన్న ఆయన పంతొమ్మిదివేలు వేశాడు. జీవితంలో అదే ఎక్కువ. చెప్పడానికి ఛాతీ పొంగింది, నోరు తెరుచుకుంది. అమ్మ వెనకాల కుర్చీ రెండు చేతులూ జోడించి నిలబడింది. బాబాయి ఇంటి కప్పు వైపు చూస్తున్నాడు. డాక్టరు స్టాండు చూశాడు, అమ్మ చేతికున్న బ్యాండ్ చూశాడు, పూలజడలా అల్లిబిల్లిగా చుట్టిన కట్టు చూశాడు. ఛాతీ మెల్లగా దిగింది.

"నాలుగువందల పది అండీ."

"అంతేనా? నేను నాలుగువందల అరవై."

"నాకు మోకాళ్లు అంత బాగుండవండీ" అన్నాడు పళ్ల డాక్టరు.

అమ్మ కోపమంతా కరిగిపోయింది. మొదట్లో అలాగే ఉంటుంది నాయనా, కాస్త కాస్తగా పెంచుకో అని ధైర్యం చెప్పింది. కుర్చీ గేటు దాకా సాగనంపుతుంటే, ఆయన ముక్కు చీదుకుని, చాలామంది రోగులకి నొప్పి ఉండదని అబద్ధం చెప్పాను గానీ ఇంత కష్టమైన అబద్ధం ఎప్పుడూ చెప్పలేదమ్మా అన్నాడు.

ఆరోవారం చివర అమ్మ తన ఇంటికి బయల్దేరింది. యాభై నాలుగు మెట్లు. ఎముకల డాక్టరు చెప్పినట్టు ముందు మంచి కాలు, తర్వాత ఆపరేషన్ కాలు. ప్రతి మలుపు దగ్గరా ఆగి బ్యాండ్ చూసుకుంది. వెనకాల బాబాయి, ఆవిడ పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాపి, మరోపక్క కుంటడం మర్చిపోకుండా, చెమటలు కక్కుతూ ఎక్కాడు. పైకి చేరాక అమ్మ తలుపు తీసి, కిటికీ తెరిచి, వీధినంతా ఒకసారి చూసుకుంది. బాబాయి కాస్త ఆగి, సిగ్గుపడుతూ చెయ్యి చాపాడు.

"వదినా, బ్యాండ్..."

"నీ కాలు తగ్గిందా?"

బాబాయి కుర్చీ వంక చూశాడు. కుర్చీ గోడ వంక చూసింది.

"ఇంకా లేదు వదినా."

"మరి? తగ్గేదాకా నీ బదులు నేనే నడుస్తా. నువ్వు కూర్చో."

అవాళ తగ్గిందంటే అమ్మ నడక ఆపేస్తుంది. కాబట్టి తగ్గలేదు. ఆ తర్వాత ఏడేళ్లూ తగ్గలేదు. దుకాణంలో ఉరికినవాడు, సంతలో దూసుకుపోయినవాడు, వదిన ఉండే వీధి మలుపు తిరగగానే కుంటేవాడు. ఆవిడ కిటికీలోంచి చూసి, మెల్లగా నాయనా అని కేకేసేది. బాబాయి ఇంకో బ్యాండ్ కొనుక్కోనూ లేదు. ఒకే మనిషి రెండుచోట్ల నడుస్తుంటే పళ్ల డాక్టరు ఒప్పుకోడు అనేవాడు.

ఆయన పోయి ఏడాదైంది. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే మూడంతస్తులు దిగి, వీధి చివరిదాకా వెళ్లి వస్తుంది. నడకవాళ్ల బృందంలో బాబాయి పేరు పక్కన ప్రతిరోజూ నాలుగువేల చిల్లర అడుగులు పడుతూనే ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు, ఎవరండీ ఈయన, రోజూ నడుస్తాడు గానీ ఎప్పుడూ కనబడడే అని అడుగుతుంటారు. అందరికీ పళ్ల డాక్టరే జవాబు రాస్తాడు.

"ఆయనకి కాలు బెణికింది. వాళ్ల వదిన నడుస్తోంది."